నిద్రపోయే సెట్టు

ఆ పొద్దున గోవిందమ్మ అనుకున్న పనుల్లో చావు లేదు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, ఒక చెంబు కాఫీ, అంతే. పది గంటల రైలుకు హిందూపురం నుంచి పాండురంగయ్య అనే సావుకారు వస్తున్నాడు. ఆయనకు అక్కడ రేడియోల అంగడి ఉంది. సభలకు, పెళ్ళిళ్ళకు మైకు సెట్లు బాడుగకు ఇస్తాడు. గోవిందమ్మ కొడుకు అంజనప్ప ఇంట్లో సొంతంగా కట్టిన మైకు సెట్టును చూసి, నచ్చితే అతన్ని అంగట్లో మెకానిక్కుగా పెట్టుకుంటానన్నాడు. నచ్చకపోతే అంజనప్ప వచ్చే సోమవారం బెంగళూరుకు ఫ్యాక్టరీ పనికి పోతాడు. అక్కడినుంచి వచ్చిన ఉత్తరం అప్పటికే అతని జేబులో మడతలు పడి ఉంది.

గోవిందమ్మ మూడో తరగతి దాకా చదివింది. భయపడడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. బెంగళూరు అనగానే కొడుకు లారీ కింద పడడం, వానలో తడిసి జ్వరం తెచ్చుకోవడం, పేరు తెలియని సందులో తప్పిపోవడం మూడూ ఒకేసారి ఆమె కళ్ళకు కట్టేవి. హిందూపురమైతే ఫరవాలేదు. ధర్మవరంలో రైలెక్కితే మధ్యలో పెనుకొండ, ఆ తర్వాత హిందూపురమే. ప్రతి ఆదివారం ఇంటికొచ్చి తలంటుకొని పోవచ్చు.

సెట్టు గురించి ఒక మాట చెప్పాలి. యుద్ధం నాటి పాత సామాన్లలో ఏరి తెచ్చిన, వేడెక్కితేగాని పని చేయని మూడు గాజు వాల్వులు, ఒక బరువైన ట్రాన్స్‌ఫార్మరు మగ్గం పలక మీద బిగించి అంజనప్ప దాన్ని కట్టాడు. "ఇది క్లాస్ ఏ సెట్టుమా" అని అతను చెప్పిన రోజు, తన కొడుకు ఫస్టు క్లాసు సెట్టు కట్టినాడని గోవిందమ్మ వీధంతా చెప్పుకొచ్చింది. అసలు సంగతి వేరు. అది పాట పాడినా, నోరు మూసుకున్నా ఒకే మోతాదులో కరెంటు తాగుతుంది. తాగినదంతా వేడిగా కక్కుతుంది. పొద్దున ఆరున్నరకు రేడియో దానికి తగిలిస్తే మిద్దె మీది లౌడ్‌స్పీకరు వీధి మొత్తానికి పాటలు వినిపించేది. పన్నెండు ఇళ్ళలో పన్నెండు మగ్గాలు ఆ పాటలకే పట్టుచీరలు నేసేవి.

ఇంట్లో ఆ సెట్టును అందరికంటే ఎక్కువగా ప్రేమించినది గోవిందమ్మ అత్త హనుమక్క. ఆమెకు ఎనభై ఏళ్ళు, చెవులు వినపడవు, మోకాళ్ళు పట్టుకుపోయేవి. ఆమె దృష్టిలో అది పాటల పెట్టె కాదు, పొగరాని కుంపటి. పొద్దున కాఫీ తాగి, దాని పక్కన చాప పరుచుకొని, తెల్లటి పాత పంచె తలనుంచి కాళ్ళదాకా కప్పుకొని పడుకుంటే మళ్ళీ మధ్యాహ్నం కూటికే లేచేది.

ఆ వీధిలో ఇంకొక కట్టుబాటు ఉంది. ఎవరింట్లోనైనా చావు జరిగితే అన్ని మగ్గాలూ ఆగిపోవాలి. శవం వీధి దాటేదాకా ఎవరూ మగ్గం గుంతలో కాలు పెట్టరు. సెట్టు వచ్చాక అంజనప్ప కూడా ఆ కట్టుబాటును పాటించి, కబురు తెలిసిన క్షణమే పాట ఆపేసేవాడు. ఆ ఏడాది అట్లా పాట మధ్యలో తెగింది రెండేసార్లు. రెండుసార్లూ పాడె లేచింది.

తొమ్మిది గంటలకు గోవిందమ్మ బొరుగులు నానబెట్టి వచ్చేసరికి కొడుకు సెట్టును బోర్లించి, వేడి కడ్డీతో ఏదో అతుకుతున్నాడు.

"ఏమిరా, ఈ పొద్దే దాన్ని విప్పల్నా? సావుకారు వచ్చే యాళకు మళ్ళీ కూడుకోకపోతే?"

"కూడుకుంటాది లేమా. దీనికి నిద్ర నేర్పిస్తాండా."

"ఏమి నేర్పిస్తాండావు?"

"నిద్ర. ఈ స్విచ్చి కిందికి దించితే పెద్ద కరెంటు ఆగిపోతాది. వాల్వులు మాత్రం వెచ్చగా ఉంటాయి. సగానికి సగం కరెంటు మిగులుతాది. పైకెత్తితే చిటికెలో మేలుకుంటాది. వేరే సెట్లు అట్ల కాదుమా, ఆర్పేసి మళ్ళీ వేస్తే అవి వేడెక్కి పలికే లోపల వక్కాకు నమిలి ఉమ్మేయొచ్చు."

"అది నిద్రపోతాందో, చచ్చిపోయిందో ఎట్ల తెలుస్తాది?"

దానికీ అంజనప్ప ఉపాయం చేసిపెట్టాడు. సెట్టు నిద్రలో ఉన్నప్పుడు మాత్రమే వెలిగే ఒక చిన్న బల్బు. వెలుతురు బాగా కనిపించడానికి ఇంట్లో ఊరికే పడి ఉన్న ఇత్తడి ప్రమిదలో దాన్ని కూర్చోబెట్టాడు. దీపం ప్రమిదలో కరెంటు పెట్టినందుకు గోవిందమ్మ రెండు చెంపలూ వేసుకుంది.

సెట్టును నిలబెట్టి రేడియో తగిలించి ఒక పాట వినిపించాడు. అంతా సరిగ్గా ఉంది. మైకు కూడా పక్కన పెట్టి తీగ బిగించాడు. పాట రెండో చరణంలో ఉండగా స్విచ్చి కిందికి దించాడు. పాట తెగింది. చీకటి గదిలో ప్రమిద లోపల బల్బు చిన్నగా వెలిగింది. హనుమక్క అప్పటికే పంచె ముసుగేసుకొని, దాని పక్కనే తల పెట్టుకొని నిద్రలో ఉంది.

"నేను స్టేషనుకు పోయి సావుకారును జట్కాలో పిలుచుకొస్తా. దాన్ని ముట్టుకోవద్దుమా. మనిషి గుమ్మంలో నిలబడంగానే మేలుకొలిపి చూపిస్తా" అని అంజనప్ప చొక్కా గుండీలు పెట్టుకుంటూనే సైకిలెక్కాడు.

"గేటు కాడ దిగి నడువు రా. రైలు వచ్చేది చూసుకో" అని వెనకనుంచి గోవిందమ్మ చెప్పింది. అతను వినలేదు. అతను వినలేదన్న సంగతిని మనసులో దాచుకొని ఆమె వెనక వంటింట్లోకి పోయింది. భర్త నరసప్ప నిన్ననే పట్టు నూలు కోసం హిందూపురం పోయాడు. ఇంట్లో ఇక ఆమె, అత్త, నిద్రపోతున్న సెట్టు మిగిలారు.

ఎదురింటి చౌడేశ్వరి తర్వాత చెప్పిన దాన్నిబట్టి జరిగింది ఇది. పాట తెగగానే ఆమె కరెంటు పోయిందేమోనని తన ఇంట్లో బల్బు వేసి చూసింది. వెలిగింది. బయటికి వచ్చేసరికి అంజనప్ప గుండీలు కూడా పెట్టుకోకుండా సైకిలు మీద దూసుకుపోతున్నాడు. వాళ్ళ వాకిట్లో రెండు పచ్చి వెదుళ్ళు, ఒక చుట్ట కొబ్బరి తాడు ఉన్నాయి. లౌడ్‌స్పీకరును ఇంకా ఎత్తుకు లేపి సావుకారుకు చూపించాలని అంజనప్ప తెచ్చినవి అవి. చౌడేశ్వరికి అది తెలియదు. గుమ్మం దాకా పోయి తొంగి చూసింది. నేలమీద ముసుగు. తలకాడ ప్రమిదలో దీపం. ఇంక ఎవరైనా ఏమనుకుంటారు?

ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకొని తిన్నగా వీధి పెద్ద మార్కండేయులు ఇంటికి పోయింది.

గోవిందమ్మ బజ్జీల పిండి కలుపుతూ ఉండగా ఎదురింటి మగ్గం ఆగింది. తర్వాత పక్కింటిది. ఆ తర్వాత చివరి దాకా ఒక్కొక్కటీ. వీధిలో అంత నిశ్శబ్దం ఆమె ఎరిగినది రెండుసార్లే. ఎవరు పోయినట్టు? ఆమె మనసు అన్ని ఇళ్ళూ తిరిగి, ఎక్కడా నిలవక, రైలు గేటు దగ్గరికి పోయి నిలబడింది. కొడుకు దిగి నడవలేదు. అక్కడే ఉంటుంది సంగతి.

పిండి చేతులతోనే బయటికి వచ్చింది. వాకిట్లో వీధంతా ఉంది. అందరూ ఆమెనే చూస్తున్నారు. మార్కండేయులు కండువా చేతిలోకి తీసుకొని తల వంచుకున్నాడు. ఇంక అడగడానికి ఏముంది? గోవిందమ్మ గుమ్మంలోనే కూలబడి, "నన్ను ఇట్ల చేసి పోతివే నాయనా" అని గొంతెత్తింది.

ఆడవాళ్ళందరికీ అనుమానం తీరిపోయింది. వాళ్ళూ గొంతు కలిపారు. ఏడుస్తున్న ఇంట్లో ఎవరు పోయారని అడగడం ఆ వీధిలో మర్యాద కాదు. అడిగి ఉంటే ఆ రోజు రెండు వెదుళ్ళు, రెండు టెలిగ్రాములు మిగిలేవి.

"నిన్న సాయంత్రం దాకా చింతపండు కోసం అత్తతో కొట్లాడిందే, ఎంత ప్రేమ దాచుకునిందో చూడు" అని చౌడేశ్వరి పక్కామె చెవిలో చెప్పింది. చెప్పి తానూ ఏడ్చింది.

మార్కండేయులు దగ్గరికి వచ్చి, "ఓర్చుకో తల్లీ. అందరికీ ఒకనాడు వయసు అయిపోతాది" అన్నాడు.

గోవిందమ్మ తలెత్తింది. "ఇరవై నాలుగేండ్లకే వయసైపోతాదా అన్నా?"

దుఃఖంలో మతి చలించిందని మార్కండేయులు అర్థం చేసుకున్నాడు. ఇక పనులన్నీ తానే చూసుకోవాలి. నరసప్పకు ఒకటి, పెనుకొండలో ఉన్న హనుమక్క కూతురు కమలాక్షికి ఒకటి, తల్లి పోయిందని టెలిగ్రాములు ఇమ్మని ఒక మనిషిని పోస్టాఫీసుకు తోలాడు. ఇద్దరు మగవాళ్ళు వాకిట్లోని వెదుళ్ళు తీసుకొని పాడెకు సరిపోయేంత కొలిచి కొట్టారు. తాడు విప్పారు. ఎవరో కొత్త కుండకు పోయారు. ఆ వీధి వాళ్ళకు ఏ పనైనా చక్కగా చేయడం అలవాటు.

జట్కా వచ్చి వాకిట్లో ఆగేసరికి పాడె సగం అయింది. ముందు సైకిలు మీద అంజనప్ప ఉన్నాడు. జట్కాలోనుంచి తెల్ల కోటు, నల్ల టోపీతో పాండురంగయ్య దిగాడు.

గోవిందమ్మ ఏడుపు ఆగింది. లేచి, ఉరికి కొడుకు రెండు చెంపలూ పట్టుకుంది. చెంపల నిండా శనగపిండి అయింది.

"నువ్వు బతికే ఉండావా?"

"నాకేమైందిమా? ఈళ్ళంతా ఏమి? నా వెదుళ్ళు ఎవరు కొట్టినారు?"

మార్కండేయులు అతని భుజం మీద చేయి వేశాడు. "మీ అవ్వ అబ్బా. మీ నాయనకు టెలిగ్రాం ఇచ్చినాము."

అంజనప్ప లోపలికి కూడా చూడలేదు. చిన్నప్పటినుంచి అవ్వ చంకలో పెరిగినవాడు. అరుగు మీద కూర్చొని తువ్వాలలో ముఖం పెట్టుకున్నాడు.

పాండురంగయ్య గడప బయటే నిలబడి టోపీ తీశాడు. గుమ్మంలోనుంచి సెట్టు కనిపిస్తూనే ఉంది, మూగగా. ఆయన మంచి మనిషే, కానీ కొన్ని విషయాల్లో గట్టివాడు.

"చూడప్పా, చావు జరిగిన ఇంట్లో కొత్త పని మాట్లాడేది నాకు పడదు. నీకూ మంచిది కాదు. నాకు ఇంకొక పిల్లోడు ఉండాడు, మడకశిరోడు. ఈ వారంలోనే ఎవరినో ఒకరిని పెట్టుకోవల్ల. నువ్వు బెంగళూరు పనే చూసుకో" అని, గోవిందమ్మకు దండం పెట్టి జట్కా ఎక్కాడు.

గోవిందమ్మ అక్కడే నిలబడింది. ఇంతవరకు తన జీవితంలో భయపడవలసిన దాన్నంతా గత అరగంటలో పూర్తిగా భయపడేసింది. కొడుకు పోయాడనుకుంది, ఏడ్చింది, తిరిగి వచ్చాడు. ఇప్పుడు లోపల వెతికినా భయం దొరకలేదు. ఆ ఖాళీలో మొదటిసారి ఒక ఆలోచన నిదానంగా నడిచి వచ్చింది. ఎనిమిది గంటలకు కాఫీలో చక్కెర చాలలేదని తనను తిట్టిన మనిషి ఎప్పుడు పోయింది? తలకాడ దీపం ఎవరు పెట్టారు?

"దీపం ఎవరు పెట్టినారే?" అని చౌడేశ్వరిని అడిగింది.

"నువ్వే గదా పెట్టింటావు."

"నేను వంటింట్లో ఉన్నా."

లోపలికి పోయి వంగి చూసింది. అది దీపం కాదు, కొడుకు బల్బు. ముక్కు ఉన్న చోట పంచె లేస్తోంది, పడుతోంది. గోవిందమ్మ పంచె లాగింది. హనుమక్క కళ్ళు తెరవకుండానే కోడలి చేతి మీద ఒకటి వేసి, పంచె మళ్ళీ ముఖం మీదికి లాక్కుంది. ఆ దెబ్బలో ఎనభై ఏళ్ళ బలం ఉంది.

గోవిందమ్మ గుమ్మంలోకి పరుగెత్తింది. జట్కా వీధి మలుపు తిరగబోతోంది. పిలిచింది. ఆడవాళ్ళ ఏడుపులో ఆమె పిలుపు పక్కనున్న మార్కండేయులుకే వినపడలేదు. ఆయన, "ఊరుకో తల్లీ" అన్నాడు. కొడుకు తువ్వాలలోనుంచి ముఖం తీయలేదు. జట్కా మలుపు తిరిగితే బెంగళూరే.

కొడుకు ఆ సెట్టు కట్టినప్పటినుంచి ఆమె దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. షాకు కొడుతుందని దుమ్ము కూడా చీపురు పుల్లతో దులిపేది. ఇప్పుడు శనగపిండి చేత్తో స్విచ్చి పైకెత్తింది. బల్బు ఆరింది. రేడియో పలకబోతే దాన్ని ఆపేసి ఆమె మైకు పట్టుకుంది.

"ఓ సావుకారు గారూ, జట్కా ఆపండి. ఈడ ఎవ్వరూ చావలేదు. మా అత్త బతికే ఉండాది. ఇప్పుడే నన్ను కొట్టింది గూడా."

ఆ మాట మిద్దె మీదినుంచి వీధి ఆ చివరిదాకా పోయింది. ముందు గుర్రం ఆగింది, తర్వాత జట్కా. పాడె కడుతున్నవాళ్ళ చేతుల్లోనుంచి తాడు జారింది. జనం గుమ్మంలోకి తోసుకొచ్చి నేల అదిరేసరికి హనుమక్క లేచి కూర్చుంది. లేచి కూర్చున్న ఆమెను చూసి ముందు వరసలోని ఆడవాళ్ళు వెనక వరస మీద పడ్డారు.

హనుమక్క చుట్టూ చూసింది. వాకిలి నిండా జనం. తడి కళ్ళు. పాడె. ఆమె గుండె కరిగిపోయింది.

"ఎవరు పోయినారే? ఎవరన్నా చెప్పండి. ఏడ్చేదానికి పేరు గావాల" అని, పేరు తెలిసేలోపు ఎందుకైనా మంచిదని ఏడవడం మొదలుపెట్టింది. ఆమెను ఊరుకోబెట్టడానికి నలుగురు కావలసి వచ్చింది.

పాండురంగయ్య జట్కా దిగి నడిచి వచ్చాడు. ఆయన హనుమక్కను చూడలేదు, సెట్టునే చూశాడు.

"అమ్మా, మీరు ఎప్పుడు వేసినారు దీన్ని?"

"ఇప్పుడే అయ్యా, పిలిచేటప్పుడే."

"ముందే వేసి పెట్టినారేమో. నేను గడప కాడ నిలబడినప్పుడు అది పలకలేదే."

"అప్పుడది నిద్రపోతాండె" అంది గోవిందమ్మ. ఆ గొంతులో ఉన్న ధైర్యానికి ఆమె కొడుకే ఆశ్చర్యపోయాడు. "వాల్వులు వెచ్చగా ఉంటాయి. పెద్ద కరెంటు ఉండదు. ఎత్తితే మేలుకుంటాది. చూడండి."

దించింది. బల్బు వెలిగింది. ఎత్తింది. మైకును గోటితో తట్టింది. మిద్దె మీది లౌడ్ స్పీకరు అదే క్షణంలో పలికింది. పాండురంగయ్య తానే పదిసార్లు దించి ఎత్తాడు. వాల్వుల మీద అరచేయి ఆనించి చూశాడు. తర్వాత గడప లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"నా కాడ మూడు సెట్లు ఉండాయి అంజనప్పా. సభలో పెద్దమనిషి వచ్చి మైకు ముందర నిలబడినాక వేస్తే, అది పలికే లోపల ఆయన మూడుసార్లు దగ్గి, నాలుగోసారి నన్ను చూస్తాడు. వేసి పెట్టుకుంటే పొద్దుగూకులు కాగి కాగి వాల్వులు పోతాయి. ఈ నిద్ర స్విచ్చి మూడింటికీ పెట్టగలుగుతావా?"

"రెండు రోజుల పని."

"అయితే సోమవారం వచ్చేయి. ఆ బెంగళూరు ఉత్తరం ఇట్లియ్యి" అని తీసుకొని, ఆయన దాని మీదే బజ్జీలు పెట్టుకొని తిన్నాడు.

వీధిలో ఇంకొక సమస్య మిగిలింది. అందరూ చావింటికి వచ్చి ఏడ్చినందుకు స్నానం చేయాలా, చావే లేదు కాబట్టి అక్కరలేదా? మార్కండేయులు చాలాసేపు ఆలోచించి, చావు లేకపోయినా ఏడుపు నిజమే కదా, చేస్తే నష్టం లేదని తీర్పు చెప్పాడు. పన్నెండు ఇళ్ళూ స్నానం చేసి, మధ్యాహ్నం కూడు తిని, మళ్ళీ గుంతల్లోకి దిగాయి. ఇంకొక టెలిగ్రాం కూడా ఇచ్చారు. అది హిందూపురం చేరేసరికి నరసప్ప రైలెక్కేశాడు.

సాయంత్రం అతను వచ్చాడు. పెనుకొండలో రైలెక్కిన చెల్లెలు కమలాక్షి పక్కనే ఏడుస్తూ నడుస్తోంది. వీధిలోకి రాగానే మగ్గాల చప్పుడు విని ఇద్దరూ నిలబడిపోయారు. అరుగు మీద హనుమక్క కూర్చొని ఉగ్గాని తింటోంది. నరసప్ప తల మీద ఉన్న తువ్వాల జారి కింద పడింది. నున్నటి గుండు. మీసం కూడా లేదు.

"ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకుతాది, మంగలి దొరుకుతాడో లేదో అని స్టేషను కాడనే చేయించుకున్నా" అని భార్యకు మెల్లగా చెప్పాడు. అతని ముఖంలో సంతోషం, కోపం ఏది ముందు రావాలో తేల్చుకోలేకుండా ఉన్నాయి.

హనుమక్క తినడం ఆపింది. "ఏమిరా నరసా, ఈ గుండు ఎవరికి?"

చౌడేశ్వరి ఇంట్లోకి పోయింది. మార్కండేయులు కండువా సర్దుకున్నాడు. గోవిందమ్మ మాత్రం తొణకకుండా అత్త పక్కన కూర్చొని, చెవిలో గట్టిగా చెప్పింది.

"అంజనప్పకు హిందూపురంలో పని దొరకల్లని మొక్కుకున్నాడత్తా. దొరికింది. సోమవారం చేరేది."

హనుమక్క కొడుకును దగ్గరికి రమ్మని, గుండు చుట్టూ అరచేత్తో నిమిరింది. పైపెదవి కూడా తడిమి చూసింది. ఆమెకు చాలా తృప్తి కలిగింది.

"బాగా చేయించుకున్నావు రా నాయనా. కొడుకు గుండు కండ్లారా చూసుకునే యోగం ఎంతమంది తల్లులకు ఉంటాది."